మేనరికం రొయ్యలు

నడిగూడెం,
18 జులై 2023.

మిర్యాలగూడ శ్రీనివాస్ గారికి,

నడిగూడెం నుంచి రాజమ్మ రాయునది. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. అక్కడ మీరెట్లా ఉన్నారో నేను అడగడం లేదు, మీరు చెప్పనక్కరలేదు.

మే నెలలో సూర్యాపేట ఫంక్షన్ హాల్లో, పెళ్లి బంతిలో రెండు వందల మంది తింటుండగా, నా బిడ్డ శ్రుతిని మీ పవన్‌కు చేసుకోమని అడిగాను. సొంత తమ్ముడు కదా అని అడిగాను. మీరు తల కూడా ఎత్తకుండా, పెరుగన్నం కలుపుకుంటూ "ఈ సంబంధం వద్దక్కా" అన్నారు. అప్పుడే విస్తరి ముందు ఒట్టు వేశాను. "ఇగ ఈ సీనుగానితోని మాట్లాడితే నా నోట్లె పురుగులు పడనీ" అని అందరూ వినేటట్టే అన్నాను. ఆ ఒట్టు చెక్కు చెదరలేదు. కాని ఒట్టు నోటికి వేశాను, చేతికి వెయ్యలేదు. అందుకే ఈ ఉత్తరం.

పని పడింది. లేకపోతే రాసేదాన్ని కాదు.

మా చెరువుల్లో నీలకంఠ రొయ్యలు ఏటేటా కురచబడుతున్నాయి. ఐదేళ్ల కింద కోస్తా నుంచి తల్లి రొయ్యలు తెచ్చి, అప్పటి నుంచి రొయ్యపిల్లను మా తొట్లలో మేమే తీసుకుంటున్నాం కదా. మొదట్లో ఆరు నెలలకు ఒక్కొక్కటి అరవై గ్రాములు తూగేది. ఈసారి నలభై దాటలేదు. చెరువు చూసుకునే దావీదు వల లాగి, "అమ్మా, గివి రొయ్యలా, మిడతలా?" అని అడిగాడు. జీతమిచ్చి తిట్టించుకున్నట్టయింది.

శ్రుతి చేపల పెంపకమే చదువుకుంది కాబట్టి దానికి తెలుసు. "పెద్దయి పెద్దయి అమ్ముకున్నం, మిగిలిన బక్కయి తల్లులకు ఉంచుకున్నం. అన్నీ ఒక్క ఇంటి పిల్లలే అమ్మా. అన్నకు చెల్లెకు పెండ్లి చేస్తున్నం. ఎట్ల పెరుగుతయి?" అన్నది. నాకు ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లు నా చెరువులో ఇంత పాపం జరుగుతుంటే నేను గట్టున కూర్చుని మేత చల్లుతున్నాను. అంటే ఇంటిపేరు మారాలి, అంతే కదా. ఒకే ఇంటిపేరు వాళ్లకు మనం ఎక్కడన్నా పెళ్లి చేస్తామా?

మీ చెరువులో ఉన్నవి వాడపల్లి దగ్గర కృష్ణలో పట్టి తెచ్చినవి. మా వాటికి ఏ వరసా కావు. నలభై మంది మగవాళ్లను పంపండి. మీ ఇంటి పిల్లవాణ్ణి ఎట్లాగూ ఇవ్వనన్నారు. కనీసం మీ చెరువు పిల్లవాళ్లనైనా ఇవ్వండి.

ఇట్లు,
వరసకు మీకు అక్క అయ్యే
రాజమ్మ


మిర్యాలగూడ,
22 జులై 2023.

అక్కా, దండం.

నన్ను "గారు" అన్నావు. పుట్టి యాభై రెండేళ్లయింది, నీ దగ్గర నాకు ఈ మర్యాద ఇదే మొదలు. కవిత నీ ఉత్తరం చదివి, "మీకు గారు పెట్టినోళ్లు ఒక్కలన్న దొరికిండ్రు, అద్దం కట్టించుండ్రి" అంటోంది. నా రైస్ మిల్లులో గుమాస్తా కూడా నన్ను సీనన్న అనే పిలుస్తాడు.

ఇంకో మాట. మొన్న బావ ఫోన్ చేసినప్పుడు వెనక నుంచి నీ గొంతు నాకు శుభ్రంగా వినబడింది. "తవుడు బస్తాలు ఎప్పుడు పంపుతడో అడుగు. నేను అడిగిన్నని చెప్పకు" అన్నావు. అది మాట్లాడినట్టా, కాదా? పురుగులు పడతాయేమోనని ఇక్కడ నాకు పరేషాన్ అయింది. జర జాగ్రత్త.

పెళ్లికొడుకులు నలభై మంది తయారు. చేతులు నీలం తిరిగి, బాగా ఎదిగినవాళ్లనే ఏరాను. ఆ చేతులతో దారిలో ఒకరినొకరు చీల్చుకోకుండా ఒక్కొక్కడికి స్ట్రా ముక్కలు తొడిగించాం. కవిత కూర్చుని ఎనభై చేతులకు తొడిగింది. "నా పెండ్లికి కూడ గిన్ని కంకణాలు కట్టలె" అన్నది. ఆక్సిజన్ పట్టిన సంచుల్లో, థర్మకోల్ డబ్బాల్లో కోదాడ బస్సుకు వస్తారు. కండక్టర్ ఈదయ్యకు అప్పగిస్తున్నాను. మన ఉత్తరాలు కూడా ఇక ఆయనే తెచ్చి ఇస్తాడు. కోదాడ బస్టాండుకు దావీదును పంపించు.

ఒక్క షరతు. నా చెరువుకు కూడా కొత్త రక్తం కావాలి. నీ మగవాళ్లను నలభై మందిని తిరుగు బస్సుకు పంపు. నీవాళ్లు బక్కవాళ్లయినా పరవాలేదు, వరస కలవకపోతే చాలని శ్రుతి ఫోన్లో చెప్పింది. కుండమార్పిడి చేసుకుందాం. ఇచ్చినట్టూ ఉంటుంది, పుచ్చుకున్నట్టూ ఉంటుంది.

పవన్ సంగతి మాత్రం అడగకు. వద్దన్నది నేను. తిట్టాలంటే నన్ను తిట్టు, వాణ్ణి ఏమీ అనకు. సూర్యాపేటలో బ్యాంకు పని చేసుకుంటున్నాడు. వాడికి మేనత్తంటే భయమే గాని కోపం లేదు.

నీ తమ్ముడు
సీను


నడిగూడెం,
9 ఆగస్టు 2023.

శ్రీనివాస్ గారికి,

మీ పెళ్లివారు ముప్పై ఎనిమిది మంది చేరారు. ఇద్దరు దారిలోనే పోయారు. ఎట్లా పోయారో కండక్టర్ ఈదయ్య దావీదుకు చెప్పాడు, దావీదు నాకు చెప్పాడు, నేను మీకు రాస్తున్నాను.

గరిడేపల్లి దాటగానే బస్సు ఆగిపోయింది. ఎండ మండుతోంది. డబ్బాలు వేడెక్కుతాయని ఈదయ్య వాటిని దించి రోడ్డు పక్క తుమ్మచెట్టు నీడన పెట్టాడు. బస్సులోని ఆడవాళ్లంతా చుట్టూ చేరి కొంగులతో విసిరారు. పక్క మడిలో నాటు వేస్తున్నవాళ్లు బిందెలతో బోరు నీళ్లు తెచ్చి సంచుల మీద పోశారు. అందులో ఒకామె "లోపల ఏమున్నయే?" అని అడిగితే ఈదయ్య "పెండ్లికొడుకులు" అన్నాడట. ఆమె నీళ్లు పోస్తూనే, "గిట్ల సంచిల కట్టేసి తెస్తెనే వస్తరులే ఈ కాలపోళ్లు" అన్నదట. నువ్వు ఉంటే నవ్వి నవ్వి చచ్చేవాడివి. తప్పు రాశాను. మీరు ఉంటే నవ్వేవారు.

ఆ ఇద్దరూ ఎండకు పోలేదు. ఒక సంచిలో స్ట్రాలు ఊడిపోయి, ఇద్దరూ కొట్టుకుని ఇద్దరూ చచ్చారు. మీ చెరువు నీళ్లలోనే ఆ పంతం ఉన్నట్టుంది.

శ్రుతి ఒక్కొక్క రొయ్యకు కంటి తొడిమకు చిన్న రంగు ఉంగరం తొడిగి రిజిస్టర్లో రాసుకుంది. ఆ రిజిస్టర్లో ఇంటిపేరుకు ఒక గడి పెట్టమని నేనే పట్టుబట్టాను. పిల్లలకు తండ్రి ఇంటిపేరే కదా వచ్చేది. అందుకని మా దగ్గర పుట్టేవాళ్లు ఇంటిపేరుకు వాడపల్లివాళ్లు. మా మగవాళ్లు మీ చెరువుకు వచ్చారు కాబట్టి మీ దగ్గర పుట్టేవాళ్లు నడిగూడెంవాళ్లు. శ్రుతి నవ్వింది గాని రాసింది.

మీ ఆడవాళ్లు గుడ్లు కట్టుకోగానే ఇక్కడికి పంపండి. నది రొయ్యే అయినా పిల్ల బతకాలంటే ఉప్పునీళ్లు కావాలి. పురిటికి సముద్రమే దాని పుట్టిల్లు. ఆ పుట్టింటిని నేను ట్యాంకర్లో తెప్పించుకుని తొట్లలో పోసుకున్నాను, మీకు ఆ సౌకర్యం లేదు. పురుడు నేనే పోస్తాను. మీ పవన్ పుట్టినప్పుడు దవాఖానలో తొమ్మిది రోజులు ఉన్నది కూడా నేనే. ఇది గుర్తు చేయడం కాదు, ఊరికే రాస్తున్నాను.

రాజమ్మ

తవుడు బస్తాలు అందాయి. బాగున్నాయని మీ బావ అన్నాడు. నేను అనలేదు.


మిర్యాలగూడ,
28 అక్టోబర్ 2023.

అక్కా, దండం.

నువ్వు పురుడు పోసి ఇచ్చిన పిల్లలను చెరువులో వదిలాను. అన్నీ నీ పోలికే. చెయ్యి పెడితే చాలు, ఎగిరి మీద పడుతున్నాయి.

మొన్న వాటిని తీసుకుపోవడానికి నేనే నడిగూడెం వచ్చాను కదా. ఆ రోజు సంగతి ఎంతమందికి చెప్పినా తనివి తీరడం లేదు. నేను గట్టు మీద నిలబడితే నువ్వు నా వైపు చూడకుండా నిమ్మచెట్టు వైపు తిరిగి, "ఓ చెట్టూ, వచ్చినోళ్లను కాళ్లు కడుక్కొని అన్నం తినుమను" అన్నావు. నేను తిన్నాను. "చెట్టూ, పచ్చిపులుసు ఇంకొంచెం పోసుకొమ్మను" అన్నావు. పోసుకున్నాను. బయలుదేరేటప్పుడు "చెట్టూ, బండి నెమ్మదిగ నడుపుమను, మొన్ననే షుగర్ పెరిగిందట" అన్నావు. నాకు షుగర్ సంగతి చెట్టుకు ఎవరు చెప్పారో తెలియదు. నేను ఆ చెట్టుకే దండం పెట్టి వచ్చాను.

బావ మాత్రం పరేషాన్ అవుతున్నాడు. ఆయన పిలిచినా నువ్వు చెట్టుకే జవాబు చెబుతున్నావట.

సీను


నడిగూడెం,
20 మే 2024.

శ్రీనివాస్‌కు,

గారు రాయలేదని సంబరపడవద్దు. పెన్నులో ఇంకు తక్కువ ఉంది.

రొయ్యలు పట్టాం. డెబ్బై గ్రాములు! నలభై నుంచి డెబ్బై! దావీదు ఒకదాన్ని ఎత్తి, "అమ్మా, దీన్ని పట్టనీకి రెండు చేతులు గావాలె" అన్నాడు. పోయిన ఏడు మిడతలన్న నోరే ఇది. కోదాడ వ్యాపారులు గట్టు మీదికే వచ్చి నిలబడ్డారు. నేను ఎవ్వరికీ కుర్చీ వెయ్యలేదు. మీ చెరువులో కూడా బాగా వచ్చాయని మీ బావ చెప్పాడు.

ఇప్పుడు అసలు మాట. తర్వాతి జతలకు నేను సంబంధం ఖాయం చేశాను. నా చెరువు ఆడపిల్లలు ఇంటిపేరుకు వాడపల్లి. మీ చెరువు మగపిల్లలు ఇంటిపేరుకు నడిగూడెం. ఇంటిపేర్లు వేరు. వరస చూస్తే మేనబావలు, మేనమరదళ్లు. ఇంతకన్నా మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది? నాకు ఎదురు చెప్పేవాళ్లకు ఒక్కటే చెబుతాను. మీ బావ మన మేనత్త కొడుకే. నేను మేనరికమే చేసుకున్నాను. నేనేమన్నా నలభై గ్రాముల దగ్గర ఆగిపోయానా?

శ్రుతి ఒప్పుకోలేదు. "ఇంటిపేరు ఒక్కటి సూస్తే సరిపోదమ్మా, తల్లి దిక్కు గూడ సూడాలె. గోదావరి నుంచి కొత్త మగయి తెద్దాం" అన్నది. మాట మాట పెరిగింది. చివరికి పందెం వేసుకున్నాం. పెద్ద చెరువులో నా పద్ధతి, చిన్న చెరువులో దాని గోదావరి పద్ధతి. ఎకరానికి ఒకే లెక్కన రొయ్యపిల్ల, ఒకే మేత. వచ్చే ఫిబ్రవరిలో తూకం. నేను గెలిస్తే అది నేను తెచ్చిన సంబంధానికి తల వంచాలి. అది గెలిస్తే తొట్ల తాళాలు దాని చేతికి, పెళ్లి మాట అది ఎత్తేదాకా నేను ఎత్తకూడదు. పిల్ల వెంటనే సరే అన్నది. నాకే కొంచెం అనుమానం వచ్చింది.

మగవాళ్లను నలభై మందిని పంపు. పంపండి.

రాజమ్మ


(అదే బస్సులో, ఖాళీ థర్మకోల్ డబ్బా అడుగున)

మామా,

ఈ డబ్బాలు అమ్మ ముట్టుకోదు, అందుకే ఇందులో పెడుతున్నా. ఫోన్లో మాట్లాడితే వెనకాలే ఉంటుంది.

పోయిన ఏడు సూర్యాపేట పెళ్లికి వారం ముందు నీ మిల్లుకు వచ్చి తవుడు బస్తాల మీద కూర్చుని ఏడ్చాను, గుర్తుందా? పవన్ బావంటే నాకు ఇష్టమే, పెళ్లి చేసుకునేంత కాదు. బావ కూడా అదే మాట అన్నాడు. కాని నేను వద్దంటే తొట్లు పగలగొట్టిస్తానని అమ్మ అప్పటికే బెదిరించింది. అమ్మ అన్నంత పనీ చేస్తుంది. నాకు ఆ తొట్లే ప్రాణం. అందుకే "మామా, నువ్వే వద్దను" అన్నాను. నువ్వు ఒక్క మాట కూడా అడగకుండా నెత్తిన వేసుకున్నావు.

నాలుగు రోజులు తిట్టి ఊరుకుంటుంది అనుకున్నా. ఏడాదైంది. అమ్మ నిమ్మచెట్టుతో మాట్లాడుతుంటే అందరూ నవ్వుతారు. నేను మాత్రం లేచి తొట్ల దగ్గరికి పోతాను. చెప్పేయనా?

శ్రుతి


మిర్యాలగూడ,
25 మే 2024.

చిరంజీవి శ్రుతికి, మామ దీవెనలు.

చెప్పకు. పందెం నువ్వు గెలిచి, తాళాలు నీ చేతికి వచ్చేదాకా ఆగు. ఇప్పుడే చెబితే నేను తిన్న తిట్లన్నీ దండగ.

మీ అమ్మ తిట్లు నాకు కొత్త కాదు. చిన్నప్పుడు బడికి పోతూ నా పలక కూడా తానే మోసి, దారి పొడుగూతా తిట్టేది. తిట్టడం ఆపితే నాకు పలక పోయిందేమోనని భయమయ్యేది. తమ్ముడి మీద కోపం ఎప్పటికైనా తగ్గుతుంది. బిడ్డ మీద కోపమైతే లోపల పెట్టుకుని కుమిలిపోతుంది. ఆమె సంగతి నాకు తెలుసు.

ఒక్కటి మాత్రం నిజం చెబుతాను, నువ్వు మనసులో పెట్టుకోకు. ప్రతి ఆదివారం పొద్దున అక్క ఫోన్ చేసేది. ఇప్పుడు ఆదివారం వస్తే నాకు ఇంట్లో ఏమీ తోచదు. మిల్లు మూసి ఉన్నా పోయి కూర్చుంటున్నాను.

మీ అమ్మ అడిగిన మగవాళ్లను పంపుతున్నాను. పెరగని పెళ్లికి పెళ్లికొడుకులను నా చేతులతోనే పంపుతున్నాను. ఇంకా ఏమేం చేయిస్తారో నాతో!

మామ


నడిగూడెం,
12 నవంబర్ 2024.

సీనుకు,

ఇది చదివి చింపెయ్యి.

నా చెరువు జర వెనకబడింది. చలికి అయ్యుంటుంది. చిన్న చెరువుకు చలి లేదా అని మీ బావ అడిగాడు. ఆయనతో కూడా మాట్లాడడం మానేద్దామా అని ఆలోచిస్తున్నాను.

మిర్యాలగూడలో మంచి వేరుశనగ చెక్క దొరుకుతుంది కదా. రెండు బస్తాలు పంపించు. దాని మీద తవుడు అని రాయించు. శ్రుతి కోదాడ పోయిన రోజుల్లో నా చెరువులో చల్లుకుంటాను. ఇది మోసం కాదు. మనవలు బక్కగా ఉంటే అమ్మమ్మ ఇంత పెట్టుకోదా?

దావీదు చూశాడు. "అమ్మా, నాకేం కనవడలె" అన్నాడు. అట్లాంటి మనిషి ఇంటికొకడు ఉండాలి.

రాజమ్మ


నడిగూడెం,
17 ఫిబ్రవరి 2025.

తమ్మీ,

నిన్న ఆదివారం తూకం వేశాం. ఒక్కొక్క చెరువు నుంచి విసురువలతో వచ్చినవి వచ్చినట్టు ఇరవై తీశాడు దావీదు. నావి సగటున నలభై ఎనిమిది గ్రాములు. శ్రుతివి డెబ్బై తొమ్మిది. వేరుశనగ చెక్క తిని కూడా నావి నలభై ఎనిమిది.

కాంటా తప్పన్నాను. ఇంట్లోంచి కిలో చక్కెర ప్యాకెట్ తెప్పించి పెట్టించాను. కిలో చూపించింది. ప్యాకెట్ తప్పన్నాను. అప్పుడు మీ బావ నవ్వాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన నా ముందు అంత గట్టిగా నవ్వడం నేను చూడలేదు.

శ్రుతి నవ్వలేదు. మేత సంచి చింపి, దాని వెనక ఎర్ర పెన్సిల్‌తో గీతలు గీసి చూపించింది. తండ్రి గీతలు మాత్రమే చూస్తే రెండు ఇంటిపేర్లు వేరువేరుగానే ఉన్నాయి. తల్లి గీతలు కూడా గీయగానే ఎటు పోయినవీ మళ్లీ ఆ రెండు చెరువులకే వచ్చి చేరాయి. నీ చెరువు, నా చెరువు. మనం ఇచ్చిపుచ్చుకున్నది ఆ రెండిళ్ల మధ్యే. ఆ పిల్లల్నే మళ్లీ కలిపితే ఇక కొత్త రక్తం ఎక్కడిది? ఇంటిపేరు చూసి మోసపోయాను. ఇంటిపేరు రాయించింది నేనే.

అది కాఫీకి లోపలికి పోయింది. నేను ఆ పెన్సిల్ తీసుకుని మన గీతలు గీశాను. నేను, మీ బావ. నువ్వు, కవిత. కింద శ్రుతి, పవన్. నేను కురచను కాదు, అది అందరికీ తెలుసు. కాని మన తాతను ఒక్కచోట రాశాను అనుకున్నా, ఆయన నా వైపు నుంచీ వచ్చాడు, మీ బావ వైపు నుంచీ వచ్చాడు, చివరికి నీ వైపు నుంచి కూడా వచ్చాడు. ఆ కాగితం మీద ముసలాయన లేని మూల లేదు.

శ్రుతి రాగానే అడిగాను. "గిందుకేనా సీను ఆనాడు వద్దన్నది? గివన్నీ తెలిసేనా?" అన్నాను. పిల్ల గ్లాసు కింద పెట్టి, "మామ వద్దనలేదమ్మా. నేనే వద్దన్న. నీకు భయపడి మామతోని అనిపిచ్చిన" అన్నది.

తమ్మీ, తొట్లు పగలగొట్టిస్తానని నేను కోపంలో అన్నాను. నా బిడ్డ అది నిజమనుకుంది. నిజమేనేమో, పగలగొట్టించేదాన్నేనేమో, అందుకే ఎక్కువ ఏడుపొచ్చింది. నా బిడ్డ తన మాట నాకు చెప్పుకోవడానికి మిర్యాలగూడ దాకా పోవాల్సి వచ్చింది. నీ దగ్గరికే పోయింది కాబట్టి బతికిపోయాను.

మరి నువ్వు? ఇరవై ఒక్క నెలలు! నిమ్మచెట్టుకు దండం పెట్టి అన్నం తిన్నావు. నేను అనరాని మాటలన్నీ రాశాను. నువ్వు ఒక్కసారి కూడా నోరు జారలేదు. చిన్నప్పుడు బెల్లం తిన్నది నువ్వయితే నా పేరు చెప్పేవాడివి. ఇతరుల తప్పు మీద వేసుకునే గుణం ఎక్కడ నేర్చావురా?

తొట్ల తాళాలు శ్రుతికి ఇచ్చేశాను. పందెం పందెమే. వేరుశనగ చెక్క సంగతి కూడా చెప్పాను. దానికి ముందే తెలుసట, దావీదుకు కనపడని రోజే చెప్పాడట.

ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. మన చెరువు గట్టే. శ్రుతి, దావీదు, నిమ్మచెట్టు సాక్షులు. మీ బావ మాత్రం ఎందుకైనా మంచిదని ఆ చెట్టు కాయలే పిండి ఇచ్చి, "ముందుగాల పుక్కిలించు, పురుగుల సంగతి మనకెందుకు" అన్నాడు. పుక్కిలించాను. రేపు పొద్దున ఫోన్ చేస్తాను. ఉత్తరం ఈదయ్య తెచ్చేసరికి మనం మాట్లాడుకునే ఉంటాం. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఒక మాట నోటితో అనడం నాకు పుట్టినప్పటి నుంచీ రాదు. ఇన్నాళ్లు రాసి రాసి చేతికి అలవాటైనట్టుంది.

తప్పయింది తమ్మీ.

మీ అక్క
రాజమ్మ


మిర్యాలగూడ,
6 ఏప్రిల్ 2025.

అక్కా, దండం.

ఈ పొద్దున నలభై నిమిషాలు ఫోన్లో మాట్లాడుకున్నాం కదా, మళ్లీ ఈ ఉత్తరం ఎందుకని అడుగుతావు. నలభై నిమిషాల్లో నేను అన్నవి మూడు మాటలు. "ఆ", "ఊ", "అట్లనే". నాలుగో మాట ఎత్తేసరికి "సరే, పొయ్యి మీద కూర ఉంది" అని పెట్టేశావు. ఉత్తరాల్లో అయితే నేను మొదలుపెట్టిన మాట నేనే ముగించేవాణ్ణి. ఆ సుఖం పోయింది.

పవన్‌కు పెన్‌పహాడ్ సంబంధం సంగతి. వాళ్లు నిన్న మళ్లీ వచ్చారు. నువ్వు పిల్ల తల్లికి ఫోన్ చేసి, వాళ్ల అమ్మమ్మ పుట్టింటి పేరు, నాయనమ్మ పుట్టింటి పేరు, ఆ నాయనమ్మ తల్లిది ఏ ఊరని అడిగావట. పిల్ల తండ్రి నన్ను పక్కకు పిలిచి, "ఇది పెండ్లి సంబంధమా అన్నా, భూమి కేసా?" అన్నాడు. మా అక్క రొయ్యలు పెంచుతుందని చెప్పాను. ఆయనకు ఇంకా ఏమీ అర్థం కాలేదు. పవన్‌కు పిల్ల నచ్చింది, పిల్లకు పవన్ నచ్చాడు. గీతలు ఎక్కడా కలవలేదని నువ్వే అన్నావు కాబట్టి ఇక ఆపకు.

శ్రుతి గోదావరి జతల రొయ్యపిల్లను నాకు పంపింది. రిజిస్టర్ నకలు కూడా పంపింది. అందులో ఇంటిపేరు గడి అట్లాగే ఉంచి, పక్కన "తల్లి పుట్టిల్లు" అని కొత్త గడి చేర్చింది. నీ మాట తీసెయ్యలేదు చూశావా. ఆ పిల్ల నీ కన్నా తెలివైనది, నా కన్నా మంచిది.

నాకు ఒక కోరిక. నెలకు సరిపడా చిన్న ఒట్టు ఒకటి మళ్లీ వేసుకోరాదూ? పెద్ద కారణం అక్కర్లేదు, తవుడు బాగా లేదని వేసుకో. రెండు ఉత్తరాలైనా వస్తాయి.

వద్దులే. ఊరికే అన్నాను. వేసుకోకు.

ఇంకో మాట, ఫోన్లో చెప్పలేకపోయాను. ఫిబ్రవరిలో ఆ మొదటి రోజు పొద్దున నువ్వు ఫోన్ చేసి "సీనూ" అన్నావు. నా నుంచి జవాబు లేదు. "హలో, హలో, ఈ మిర్యాలగూడల సిగ్నల్ పాడుగాను" అని ఫోన్ కంపెనీ వాళ్లను వాళ్ల ఏడు తరాలతో సహా తిట్టావు.

వాళ్లను ఏమీ అనకు అక్కా. ఆ రోజు సిగ్నల్ బాగానే ఉంది.

నీ తమ్ముడు
సీను